ప్రీపెయిడ్ సిమ్ ఎలా పనిచేస్తుంది, ఎవరికి సరిపోతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

బస్టాండ్ దగ్గర మాదో చిన్న సెల్ పాయింట్. రీఛార్జ్ వేయించుకోవడానికి వచ్చేవాళ్లు రోజూ అడిగే ప్రశ్నలే ఇవి. కౌంటర్ దగ్గర రద్దీలో ఎవరికీ పూర్తిగా చెప్పలేకపోతున్నాను. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ రోజు రేటు ఒకసారి చూసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

ప్రీపెయిడ్‌కీ పోస్ట్‌పెయిడ్‌కీ తేడా ఏమిటి?

ప్రీపెయిడ్‌లో ముందు డబ్బు కట్టి తర్వాత మాట్లాడతాం. పోస్ట్‌పెయిడ్‌లో నెలంతా మాట్లాడి తర్వాత బిల్లు కడతాం. అంటే పోస్ట్‌పెయిడ్‌లో కంపెనీ మనకు అప్పు ఇస్తున్నట్టు లెక్క. అందుకే అక్కడ క్రెడిట్ లిమిట్, గడువు తేదీ, ఆలస్యమైతే జరిమానా ఉంటాయి. ప్రీపెయిడ్‌లో ఈ గొడవ ఉండదు. కట్టిన డబ్బు అయిపోతే సర్వీసు ఆగిపోతుంది, అంతే. మన దేశంలో మొబైల్ వాడేవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ప్రీపెయిడ్ వాళ్లే.

కాల్ కలపగానే డబ్బు ఎలా తెగుతుంది?

డబ్బు సిమ్‌లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. సిమ్‌లో ఉండేది మీరెవరో నెట్‌వర్క్‌కు నిరూపించే గుర్తింపు మాత్రమే. మీ బ్యాలెన్స్, ప్లాన్, గడువు అన్నీ కంపెనీ కంప్యూటర్లలో మీ నంబర్ పేరున ఒక ఖాతాలో ఉంటాయి. మీరు నంబర్ నొక్కగానే నెట్‌వర్క్ ఆ ఖాతాను అడుగుతుంది: ఈయన ప్లాన్ నడుస్తోందా, డబ్బులున్నాయా? ఉంటే కొంత సమయాన్ని మీ పేరున పక్కన పెట్టి కాల్ కలుపుతుంది. ఆ సమయం అయ్యేలోపు మళ్లీ అడిగి ఇంకొంత తీసుకుంటుంది. పాత రోజుల్లో మాట మధ్యలో ఫోన్ టక్కున కట్ అయ్యేది ఇందుకే. ఖాతాలో ఇక ఇవ్వడానికేమీ మిగలలేదన్నమాట.

నెట్ విషయంలోనూ ఇదే పద్ధతి, సెకన్లకు బదులు ఎంబీలు లెక్క. సిమ్ విరిగినా, ఫోన్ పోయినా బ్యాలెన్స్ పోకపోవడానికి కారణం కూడా ఇదే.

పది రూపాయల టాపప్ వేయిస్తే 7 రూపాయల 47 పైసలే ఎందుకొస్తాయి? మీరేమైనా పట్టుకుంటున్నారా?

ఈ మాట నన్ను చాలామంది అడిగారు. దుకాణదారు కమిషన్ మీ టాక్‌టైమ్‌లోంచి తెగదు, అది కంపెనీ విడిగా ఇస్తుంది. లెక్క ఇలా ఉంటుంది: పది రూపాయల్లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంది. అది తీసేస్తే 8.47 మిగులుతుంది. అందులోంచి ప్రాసెసింగ్ ఫీజు ఒక రూపాయి పోతే 7.47. వంద రూపాయలకైతే పన్ను పోగా 84.75, మూడు రూపాయల ఫీజు పోగా 81.75 వస్తుంది. కాబట్టి పదేసి రూపాయల చొప్పున పదిసార్లు వేయించుకునే బదులు ఒకేసారి వంద వేయించుకుంటే ఏడు రూపాయలు మిగులుతాయి.

వెనకటికి పది రూపాయల కార్డు గీకితే నెలలు గడిచేవి. ఇప్పుడు ప్రతినెలా ఎందుకు కట్టాలి?

ఎందుకంటే మనం కొనే సరుకే మారిపోయింది. వెనక మాటకు డబ్బు కట్టేవాళ్లం, ఇప్పుడు రోజులకు కడుతున్నాం. ఈ ఒక్కటి అర్థమైతే మిగతా సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే.

2003 దాకా ఫోన్ వస్తే ఎత్తినవాడికీ ఛార్జీ పడేది. ఆ ఏడాది ఇన్‌కమింగ్ ఉచితమైంది. తర్వాత లైఫ్‌టైమ్ వ్యాలిడిటీ సిమ్‌లు వచ్చాయి. మిస్డ్ కాల్ ఇచ్చి ఎదురుచూసిన కాలం అది. 2009లో సెకనుకు పైసా లెక్క మొదలైంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక కాల్స్‌కు విడిగా డబ్బు తీసుకోవడం దాదాపు పోయింది. మాటకు డబ్బు రానప్పుడు కంపెనీలు సంపాదించేది వ్యాలిడిటీ మీదే. 2018 చివర్లో కొన్ని కంపెనీలు 35 రూపాయల కనీస రీఛార్జ్ పెట్టి, అది లేకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆపేస్తామన్నాయి. లైఫ్‌టైమ్ అన్న మాట అక్కడితో అయిపోయింది.

అందుకే ప్లాన్ చూసేటప్పుడు రోజుకు ఎన్ని జీబీలో చూసే ముందు ఎన్ని రోజులో చూడండి. ధరను రోజులతో భాగించండి. ఏ ప్లాన్ చవకో అక్కడే తేలిపోతుంది.

నెలంటే 30 రోజులు కదా, 28 రోజులిస్తారేం?

28 రోజుల లెక్కన ఏడాదికి పన్నెండు కాదు, పదమూడుసార్లు రీఛార్జ్ చేయాలి. ఆ పదమూడోది మనకు కనపడకుండా పోయే డబ్బు. దీనిమీద ఫిర్యాదులు ఎక్కువై 2022 జనవరిలో టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ సంస్థ ఒక నియమం పెట్టింది. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్, ప్రతినెలా ఒకే తేదీన కట్టుకునే ప్లాన్ ఒకటి తప్పకుండా ఉంచాలి. ఉన్నాయి కూడా. కానీ యాప్‌లో పైన కనిపించవు, కిందకి వెళ్లి వెతకాలి. ఒకటో తేదీ జీతం వచ్చేవాళ్లకు ఒకే తేదీ ప్లాన్ చాలా సుఖం.

మా అమ్మది బటన్ ఫోన్. నెట్ అక్కర్లేదు. ఆమెకు ఏ ప్లాన్ వేయాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను కూర్చోబెట్టి మరీ చెబుతాను. ఎందుకంటే ఈ తప్పు నేనే చేశాను. మా అమ్మ ఫోన్‌లో ఇంటర్నెట్టే రాదు. అయినా రెండేళ్లపాటు ఆమె నంబర్‌కు రోజుకు 1.5 జీబీ ప్లాన్ వేస్తూ వచ్చాను. అందరికీ వేసేదే ఆమెకూ వేశాను, ఆలోచించలేదు. ఆ డబ్బుతో ఆమెకు ఎన్ని నెలల బీపీ మాత్రలు వచ్చేవో లెక్కేసుకున్న రోజు చాలా బాధేసింది.

2024 డిసెంబరు 23న ట్రాయ్ నిబంధనలు సవరించి, కాల్స్, ఎస్ఎమ్ఎస్‌లకు మాత్రమే పనికొచ్చే వోచర్లు (అంటే రీఛార్జ్‌లు) కూడా అమ్మాలని కంపెనీలను ఆదేశించింది. ప్రత్యేక వోచర్ల గడువు 90 రోజులకు మించకూడదన్న పాత పరిమితిని 365 రోజులకు పెంచింది. దాంతో 2025 జనవరిలో కొత్త ప్లాన్లు వచ్చాయి. ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, ఏడాదికి 1849 రూపాయలు పెట్టింది. జియో 84 రోజులకు 448, 336 రోజులకు 1748. వీటిలో కాల్స్ ఎన్నైనా చేసుకోవచ్చు, కొన్ని ఎస్ఎమ్ఎస్‌లు ఉంటాయి, డేటా ఉండదు.

ఇప్పుడు భాగహారం చేద్దాం. 2024 జులైలో రేట్లు పెరిగాక ఎయిర్‌టెల్ 28 రోజుల ప్లాన్ 199 అయింది. అంటే రోజుకు ఏడు రూపాయల పైమాట, ఏడాదికి పదమూడుసార్లు వేస్తే 2587. అదే ఏడాది ప్లాన్ 1849 అయితే రోజుకు ఐదు రూపాయల చిల్లర. పైగా ఏడాదికి ఒక్కసారే గుర్తుపెట్టుకుంటే చాలు. పల్లెలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు డబ్బు ఆదా కంటే ఇదే ముఖ్యం. రీఛార్జ్ అయిపోయిందని తెలియక రెండు రోజులు ఫోన్ మూగబోతే దూరాన ఉన్న పిల్లలు పడే టెన్షన్ ఎంతో నాకు తెలుసు.

రోజువారీ డేటా అయిపోతే ఏమవుతుంది?

నెట్ పూర్తిగా ఆగదు, వేగం పడిపోతుంది. పెద్ద ప్రైవేటు కంపెనీల్లో సాధారణంగా 64 కేబీపీఎస్‌కు దిగుతుంది. ఆ వేగంలో వాట్సాప్ మెసేజ్ మెల్లగా వెళ్తుంది, వీడియో మాత్రం కదలదు. అర్ధరాత్రి దాటాక మళ్లీ కొత్త కోటా వస్తుంది. ఇవాళ వాడకుండా వదిలేసింది రేపటికి కలవదు. రోజుకు 2 జీబీ ఇచ్చే ప్లాన్‌లో మీరు అర జీబీ మాత్రమే వాడుతుంటే, మొత్తం మీద ఇన్ని జీబీలని ఒకేసారి ఇచ్చే ప్లాన్ చూసుకోవడం మేలు.

రీఛార్జ్ చేయకుండా వదిలేస్తే నంబర్ ఎప్పుడు పోతుంది?

ముందు ఔట్‌గోయింగ్ ఆగుతుంది. కొన్నాళ్లకు ఇన్‌కమింగ్, దాంతోపాటు ఓటీపీలు ఆగిపోతాయి. ఎన్నాళ్లకు అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. 112కు చేసే అత్యవసర కాల్ మాత్రం ఔట్‌గోయింగ్ ఆగినా వెళ్లాలి.

నంబర్ పూర్తిగా రద్దు చేయడానికి 2013 నుంచి ఒక నియమం ఉంది. 90 రోజులపాటు ఏ వాడకమూ లేకపోతే తప్ప కనెక్షన్ తీసేయకూడదు. 90 రోజులయ్యేసరికి ఖాతాలో 20 రూపాయలో అంతకంటే ఎక్కువో ఉంటే, ఆ 20 తీసుకుని ఇంకో 30 రోజులు పొడిగిస్తారు. బ్యాలెన్స్ ఉన్నంతకాలం ఇలా సాగుతుంది. అదీ అయిపోయాక నంబర్‌ను బతికించుకోవడానికి 15 రోజులిస్తారు. కానీ ఇది నంబర్ మీ పేరున మిగలడం గురించి మాత్రమే. ఆ 20 రూపాయలు తెగినంత మాత్రాన కాల్స్, ఓటీపీలు వస్తాయనుకోకండి. వాటికి నడుస్తున్న ప్లాన్ ఉండాలి.

ఈ విషయంలో అశ్రద్ధ వద్దు. రద్దయిన నంబర్‌ను కనీసం 90 రోజులు ఆపి, తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. మా పక్కింటి బాబాయ్ కూతురి దగ్గర బెంగళూరులో చాలాకాలం ఉండి వచ్చేసరికి ఆయన నంబర్ ఎవరో తెలియని అబ్బాయి చేతిలో ఉంది. బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు, గ్యాస్‌కు, పీఎం కిసాన్‌కు అన్నిటికీ ఆ ఒక్క నంబరే. గ్యాస్ డెలివరీ కోడ్ ఆ అబ్బాయికి వెళ్తోంది. అతను మంచివాడు కాబట్టి ఫోన్ చేస్తే చెప్పేవాడు. అన్నిచోట్లా నంబర్ మార్పించుకునేసరికి బాబాయ్‌కి రెండు నెలలు పట్టింది.

నంబర్ వదిలేద్దామనుకుంటే ముందు బ్యాంకులో, ఆధార్‌లో కొత్త నంబర్ ఎక్కించి, వాట్సాప్ ఖాతా తీసేసి అప్పుడు వదలండి.

అయితే ప్రీపెయిడ్ ఎవరికి సరిపోతుంది?

నెలనెలా ఒకేలా ఆదాయం రాని వాళ్లకు: కూలి పనికి వెళ్లేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, పంట చేతికొస్తే తప్ప డబ్బు చూడని రైతులు. చేతిలో డబ్బున్నప్పుడు మూడు నెలలకో ఏడాదికో వేసేసుకుంటే మధ్యలో దిగులు ఉండదు. హాస్టల్ పిల్లలకూ ఇదే మంచిది, బిల్లు చూసి ఇంట్లోవాళ్లు అదిరిపడే పరిస్థితి రాదు. దుకాణానికి, డెలివరీ పనికి రెండో నంబర్ పెట్టుకునేవాళ్లకు, తక్కువ మాట్లాడే పెద్దవాళ్లకు కూడా.

సరిపోనిది ఎవరికంటే, ఆఫీసు వాళ్లు ఫోన్ ఖర్చు తిరిగి ఇచ్చే ఉద్యోగులకు పోస్ట్‌పెయిడ్ బిల్లు ఉంటే పని సులువు. ఇంట్లో నలుగురికీ ఒకే బిల్లు కావాలంటే ఫ్యామిలీ పోస్ట్‌పెయిడ్ లెక్కేసి చూడండి, కొన్ని ఇళ్లలో అదే చవక. తరచూ విదేశాలకు వెళ్లేవాళ్లకూ, తేదీలు అసలు గుర్తుండని వాళ్లకూ పోస్ట్‌పెయిడే నయం. నాకు రీఛార్జ్ మీద కమిషన్ వస్తుంది, అయినా ఇదే చెబుతాను.

కంపెనీ మార్చాలంటే నంబర్ మారుతుందా?

మారదు. ఇంగ్లీషులో పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి మీ నంబర్ రాసి 1900కు ఎస్ఎమ్ఎస్ పంపండి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. నాలుగు రోజుల్లోగా ఆ కోడ్, ఆధార్ తీసుకుని కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లాలి. ఆ ఎస్ఎమ్ఎస్ పంపడానికి ఖరీదైన ప్లాన్ ఉండాలన్న షరతు పెట్టకూడదని 2021 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది.

నంబర్ కొత్త కంపెనీకి మారడానికి ఒకే సర్కిల్‌లో (టెలికాం లెక్కలో ఒక ప్రాంతం) అయితే మూడు పనిదినాలు, సర్కిల్ మారితే ఐదు పడుతుంది. రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్. హైదరాబాద్‌లో తీసుకున్న నంబర్‌ను విజయవాడలో పోర్ట్ చేసినా మూడు రోజుల లెక్కే వర్తిస్తుంది.

కంపెనీలో చేరి 90 రోజులు నిండకపోతే పోర్ట్ కుదరదు. కొత్త సిమ్ కార్డు మార్పించుకున్న ఏడు రోజుల్లోపు కూడా కుదరదు. పాత ఖాతాలో మిగిలిన బ్యాలెన్స్, రోజులు మీతో రావు. అందుకే ప్లాన్ ముగిసే వారం ముందు మొదలుపెట్టమంటాను. అన్నిటికంటే ముందు మీ ఇంట్లో, పొలంలో ఏ సిగ్నల్ బాగుందో పక్కవాళ్ల ఫోన్‌లో చూడండి.

ప్రీపెయిడ్ నుంచి పోస్ట్‌పెయిడ్‌కు మారి, నచ్చకపోతే వెనక్కి రావచ్చా?

రావచ్చు. ఓటీపీతోనే మారే వీలుంది, సిమ్ అదే ఉంటుంది. వెంటనే మళ్లీ మారాలంటే మాత్రం 30 రోజులు ఆగాలి. 2025 జూన్‌కు ముందు ఇది 90 రోజులుండేది.

నా ఆధార్ మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో ఎలా తెలుస్తుంది?

కేంద్ర ప్రభుత్వ టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ నంబర్, ఓటీపీ ఇస్తే మీ పేరున ఉన్న కనెక్షన్ల జాబితా కనిపిస్తుంది. మీది కానిది ఉంటే అక్కడే నాది కాదు అని గుర్తు పెట్టవచ్చు. ఒక మనిషి పేరున తొమ్మిదికి మించి ఉండకూడదు. నా అనుభవంలో ప్రతి పదిమందిలో ఒకరిద్దరికి తెలియని నంబర్ కనిపిస్తుంది. రోడ్డు పక్కన గొడుగు కింద ఉచిత సిమ్ అంటూ వేలిముద్ర తీసుకుంటే, ఒకసారి పడలేదంటూ రెండోసారి వేయించుకునే వాళ్లున్నారు. రెండోసారి వేసే ముందు ఎందుకని అడగండి.

ఇంకో మాట. తండ్రి పేరున ఉన్న సిమ్ కొడుకు, భర్త పేరున ఉన్నది భార్య వాడటం మనకు మామూలే. సిమ్ పోతే కొత్తది ఇచ్చేది పేరున్న మనిషికే. వాడేవాళ్ల పేరు మీదకు మార్పించుకోండి.

కాల్స్ చేయకుండానే బ్యాలెన్స్ తెగిపోతోంది. ఎందుకు?

చాలావరకు కాలర్ ట్యూన్, జోక్స్, జాతకం లాంటి సర్వీసులు తెలియక ఆన్ అయి ఉంటాయి. 155223కు ఫోన్ చేసి ఆపించవచ్చు, దీనికి ఛార్జీ లేదు. అనవసరమైన ప్రకటనల కాల్స్ ఆపాలంటే 1909.

తప్పు నంబర్‌కు రీఛార్జ్ చేశాను. డబ్బు వెనక్కి వస్తుందా?

సాధారణంగా రాదు. వెంటనే కంపెనీ కస్టమర్ కేర్‌కు చెప్పి చూడండి కానీ ఆశ పెట్టుకోవద్దు. డబ్బు కట్ అయి రీఛార్జ్ పడకపోతే అది వేరే సంగతి, ఆ డబ్బు తిరిగి రావాలి. ఫిర్యాదుకు 198 నంబర్ ఉంది. ఫిర్యాదు నంబర్ తప్పకుండా రాసుకోండి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు, దానికి ఆ నంబర్ కావాలి.

మీ సిమ్ కేవైసీ ముగిసింది, ఇవాళే బ్లాక్ అవుతుందని మెసేజ్ వచ్చింది. ఏం చేయాలి?

ఏమీ చేయకండి. అందులోని లింకు నొక్కవద్దు, ఆ నంబర్‌కు ఫోన్ చేయవద్దు. అనుమానం ఉంటే కంపెనీ దుకాణానికి వెళ్లండి. డబ్బు పోయిందంటే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు చెప్పండి. ఎంత తొందరగా చెబితే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఫోన్ పోయింది. నంబర్, బ్యాలెన్స్ దక్కుతాయా?

దక్కుతాయి. డూప్లికేట్ సిమ్ తీసుకుంటే పాత ప్లాన్ అలాగే నడుస్తుంది. కొత్త సిమ్ ఆన్ అయ్యాక 24 గంటలు ఎస్ఎమ్ఎస్‌లు రావు, పోవు. మోసగాళ్లు మీ పేరున సిమ్ తీసుకుని బ్యాంకు ఓటీపీలు లాగకుండా పెట్టిన జాగ్రత్త అది, కంగారు పడకండి. పోయిన ఫోన్‌ను సంచార్ సాథీలోనే బ్లాక్ చేయించవచ్చు.

మా అబ్బాయి ఎమ్మెస్‌కు అమెరికా వెళ్తున్నాడు. ఇక్కడి నంబర్ ఏం చేయాలి?

ఉంచండి. బ్యాంకు ఓటీపీలకు ఈ నంబర్ కావాలి, విద్యారుణం తీసుకుంటే మరీను. వెళ్లే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, ఎక్కువ రోజుల ప్లాన్ వేయండి. రోమింగ్‌లో ఎస్ఎమ్ఎస్ అందుకోవడానికి సాధారణంగా ఛార్జీ పడదు. కాల్ ఎత్తితే మాత్రం పడుతుంది, మొబైల్ డేటా పొరపాటున ఆన్ అయితే ఇంకా ఎక్కువ. కాబట్టి ఈ సిమ్‌కు డేటా రోమింగ్ ఆపి ఉంచమని చెప్పండి. రీఛార్జ్ తేదీ ఇంట్లో ఎవరో ఒకరు క్యాలెండర్‌లో రాసుకోవాలి.

అమెరికాలో మా అబ్బాయి ఏ కనెక్షన్ తీసుకోవాలి?

మొదట్లో ప్రీపెయిడే సరైనది. అమెరికాలో పెద్ద కంపెనీల పోస్ట్‌పెయిడ్‌కు సాధారణంగా సోషల్ సెక్యూరిటీ నంబర్ (అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య), క్రెడిట్ హిస్టరీ (అప్పులు, బిల్లులు కట్టిన చరిత్ర) అడుగుతారు. కొత్తగా దిగిన విద్యార్థికి రెండూ ఉండవు. ప్రీపెయిడ్‌కు అవి అక్కర్లేదు. అక్కడి ప్రీపెయిడ్ కంపెనీల్లో మింట్ మొబైల్ టీ-మొబైల్ నెట్‌వర్క్ మీద, క్రికెట్ ఏటీ అండ్ టీ మీద, విజిబుల్ వెరైజన్ మీద నడుస్తాయి. మింట్‌లో మూడు, ఆరు, పన్నెండు నెలలకు ముందే కట్టేసే ప్లాన్లుంటాయి. కాలేజీ ఉన్న ఊళ్లో ఏ సిగ్నల్ బాగుందో సీనియర్లను అడిగాకే ఏడాదికి కట్టాలి.

ఇక్కడి నుంచి ఫోన్ తీసుకెళ్తుంటే ఒకటి చూడాలి. 2022లో అక్కడ 3జీ మూసేశారు. 4జీ మీద కాల్స్ మాట్లాడే సదుపాయం ఆ నెట్‌వర్క్‌లో మీ మోడల్‌కు లేకపోతే నెట్ వచ్చినా కాల్స్ కలవవు. అక్కడి కంపెనీ వెబ్‌సైట్‌లో ఫోన్ ఐఎమ్ఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కొడితే పనిచేస్తుందో లేదో చెబుతుంది. ఆ నంబర్ కోసం మీ ఫోన్‌లో స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కండి. విమానం ఎక్కేముందే ఈ పని చేయాలి.

పిల్లల్ని చూడటానికి మేమే ఆరు నెలలు వెళ్తున్నాం. మాకు?

మీకూ అక్కడి ప్రీపెయిడే. ఇక్కడి సిమ్‌ను మాత్రం తీసి పెట్టెలో పడేయకండి. రెండు సిమ్‌లు పట్టే ఫోన్‌లో పక్కన ఉంచుకోండి. వెళ్లే ముందు ఆరు నెలలు దాటి వచ్చే వ్యాలిడిటీ వేయించుకోండి. తిరిగొచ్చాక బ్యాంకుకు వెళ్లిన రోజు ఆ ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి.